అమ్మానాన్నలకు అక్కర్లేదు, పసిబిడ్డకు కావాలి

సంపాదకులకు,

నమస్కారం. ‘ఎన్నారైలు ఇండియాకు రావాలంటే ఇక ఆన్‌లైన్ ఫారం తప్పనిసరి’ అన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. వార్తల శీర్షికలు కూడా చాలాసార్లు ఇదే ధోరణిలో ఉంటున్నాయి. ఇందులో నిజం సగమే. 2025 అక్టోబరు 1న మొదలైన ఈ–అరైవల్ కార్డు అనే ఆ ఫారం విదేశీ పాస్‌పోర్టు మీద భారత్‌లో దిగేవారి కోసం. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నవారు కూడా ఆ లెక్కలోకే వస్తారు. భారత పాస్‌పోర్టుతో వచ్చేవారు ఏ దేశంలో ఎన్నేళ్లుగా ఉంటున్నా, చేతిలో గ్రీన్‌కార్డు ఉన్నా, ఈ ఫారం జోలికి పోనక్కర్లేదు.

మన వాడుకలో ఇద్దరినీ ‘ఎన్నారై’ అనే అంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చే జగిత్యాల కార్మికుడూ ఎన్నారైయే, అమెరికా పౌరసత్వం తీసుకుని ఇరవై ఏళ్లయిన గుంటూరు డాక్టరూ ఎన్నారైయే. ఇమిగ్రేషన్ అధికారి దృష్టిలో మొదటివాడు భారతీయుడు, రెండో ఆయన విదేశీయుడు. విదేశీ పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుందని 1955 నాటి పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ఓసీఐ పేరులో ‘సిటిజన్’ అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు, జీవితకాల వీసా లాంటిది. కాబట్టి ‘నేను ఎన్నారైనా, ఓసీఐనా’ అని తల బద్దలుకొట్టుకోవడం కన్నా, విమానం ఎక్కేటప్పుడు చూపించే పాస్‌పోర్టు అట్ట మీద ఏ దేశం పేరుందో చూసుకుంటే చాలు.

తెలుగు కుటుంబాల్లో ఎక్కువగా పొరపాటు జరిగేది పిల్లల దగ్గర. తల్లిదండ్రులు అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉంటారు, ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. బిడ్డ అమెరికాలో పుట్టింది కాబట్టి పాస్‌పోర్టు అమెరికాది. ‘మనకు అక్కర్లేదట’ అని తేల్చుకున్న తండ్రి బిడ్డ సంగతి మరిచిపోతాడు. కార్డు అక్కర్లేనిది అమ్మానాన్నలకే. ఆరు నెలల పాపకు మాత్రం కావాలి. ఓసీఐ ఇంకా చేతికి రాక ఈ–వీసా మీద తీసుకొస్తున్నా సరే కావాలి, ఎందుకంటే వీసా వేరు, ఈ కార్డు వేరు. అమ్మమ్మా తాతయ్యలు మనవణ్ని వెంటబెట్టుకుని ముందుగా వస్తున్నప్పుడు ఈ మరుపు మరీ ఎక్కువ. పెద్దవాళ్లు ఇద్దరూ భారతీయులే కావడంతో ఫారం ఊసే రాదు. గల్ఫ్‌లో పుట్టిన మన పిల్లలకు సాధారణంగా భారత పాస్‌పోర్టే ఉంటుంది కనుక వారికి ఈ బెడద లేదు. మలేసియా, మారిషస్ తెలుగువారు తరాలుగా ఆ దేశాల పౌరులు, కాబట్టి వారు నింపాలి.

కొత్తగా విదేశీ పౌరసత్వం తీసుకున్నవారికి ఒక హెచ్చరిక. పాత భారత పాస్‌పోర్టులో ఇంకా గడువు ఉంది కదా అని దాని మీదే ఈ ఒక్కసారికి వచ్చేద్దామనుకోవద్దు. దాన్ని సరెండర్ చేసి, ఓసీఐ గానీ వీసా గానీ తీసుకుని, అప్పుడు ఈ–అరైవల్ కార్డు నింపాలి.

ఇక నింపే పద్ధతి. కేంద్ర ప్రభుత్వ వీసా పోర్టల్ ‘ఇండియన్ వీసా ఆన్‌లైన్’లో ఈ–అరైవల్ పేజీ ఉంది. ‘సు–స్వాగతం’ అనే ప్రభుత్వ మొబైల్ యాప్‌లోనూ నింపవచ్చు. పైసా ఫీజు లేదు. ఏ పత్రమూ స్కాన్ చేసి పెట్టనక్కర్లేదు. ఈ రెండు విషయాలూ గుర్తుంటే మోసం ఇట్టే తెలిసిపోతుంది. గూగుల్‌లో వెతకగానే పైన కనిపించే ప్రకటనల్లో అచ్చం సర్కారు సైట్లలా ఉండే ప్రైవేటు సైట్లు ఉంటాయి. ‘ప్రాసెసింగ్’ పేరుతో డాలర్లు అడిగితే, క్రెడిట్ కార్డు నంబరు కోరితే అక్కడితో ఆగిపోవాలి. చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోవాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ–వీసాకు దరఖాస్తు చేసేదీ ఇదే పోర్టల్‌లో, దానికి ఫీజు ఉంటుంది. ఓసీఐ ఉన్నవారు తొందరలో ఈ–వీసా లింకు నొక్కి, ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చి, అక్కర్లేని వీసాకు డబ్బు కట్టే ప్రమాదం ఉంది.

దిగడానికి ముందు 72 గంటల లోపు నింపాలన్నది నియమం. టికెట్ కొన్న రోజే నింపి నిశ్చింతగా ఉందామంటే కుదరదు. ఆ 72 గంటలు లెక్కించేది విమానం ఎక్కే సమయం నుంచి కాదు, భారత్‌లో దిగే సమయం నుంచి. ఉదాహరణకు డాలస్‌లో శుక్రవారం సాయంత్రం బయల్దేరి, దోహాలో మారి, ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు శంషాబాద్‌లో దిగుతారనుకుందాం. గడువు మొదలయ్యేది గురువారం తెల్లవారుజామున 3 గంటలకు, మన సమయం ప్రకారం. వేసవి కాలమానంలో అది డాలస్‌లో బుధవారం సాయంత్రం 4:30. అంటే ఇంట్లో కూర్చుని నింపడానికి రెండు రోజుల వ్యవధి ఉంది, సూట్‌కేసులు తూకం వేసుకునే హడావుడిలో ఇదొక పావుగంట పని. మధ్యలో దుబాయ్‌లో నాలుగు రోజులు ఆగి వచ్చేవారు మాత్రం అక్కడికి చేరాకే నింపాలి. ఫారంలో వేయాల్సిన తేదీ కూడా భారత్‌లో దిగే తేదీయే. శుక్రవారం ఎక్కాం కదా అని శుక్రవారం తేదీ వేస్తే కార్డు ఒక రోజూ, ప్రయాణం ఒక రోజూ అవుతాయి.

తేదీ రాసే తీరులోనూ జాగ్రత్త అవసరం. అమెరికా అలవాటులో నెల ముందు, తేదీ తర్వాత. ఇక్కడ తేదీ ముందు. జూలై 4న పుట్టినవారు 07–04 అని కొడితే ఏప్రిల్ 7 అయిపోతుంది. 12 లోపు తేదీల్లో పుట్టినవారికే ఈ ప్రమాదం, ఎందుకంటే తిరగేసినా అది చెల్లే తేదీయే కాబట్టి తప్పని ఎవరూ ఆపరు.

అన్నిటికంటే ముఖ్యమైన గడి పాస్‌పోర్టు నంబరు. ఓసీఐ కార్డు మీద కూడా ఒక పాస్‌పోర్టు నంబరు అచ్చయి ఉంటుంది. అది కార్డు ఇచ్చిన నాటి పాస్‌పోర్టుది. పదేళ్లు తిరిగి పాస్‌పోర్టు మారాక, ఓసీఐ కార్డు చూసి ఆ పాత నంబరే ఎక్కిస్తే ఈ–అరైవల్ కార్డు పనికిరాదు. ఇప్పుడు ప్రయాణిస్తున్న పాస్‌పోర్టు నంబరే వేయాలి. అమెరికా కొత్త తరం పాస్‌పోర్టుల్లో నంబరు ముందు ఒక అక్షరం, దాని వెనక ఎనిమిది అంకెలు ఉంటాయి, ఆ అక్షరాన్ని వదిలేయకూడదు. పనిలో పనిగా, 20 ఏళ్ల లోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ, పెద్దవారికి 50 నిండాక ఒకసారి, ఆ పాస్‌పోర్టునూ ఫొటోనూ ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి. అదీ ఉచితమే, పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లో చేయమంటారు.

పేరు విషయంలో మన తెలుగువారి కష్టం ఇంకెవరికీ ఉండదేమో. ఇంటిపేరు ముందు పెట్టే అలవాటు మనది. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరం, ఇంకోదానిలో మధ్య పేరు అసలు పేరులో కలిసిపోయి ఉంటుంది. ఊళ్లో ఏమని పిలుస్తారు, ఆధార్‌లో ఏముంది, టికెట్‌లో ఏముంది అన్నది ఇక్కడ అనవసరం. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలు ఉంటాయి. రెండు బాణం గుర్తులకు ముందున్నది ఇంటిపేరు, తర్వాత ఉన్నది అసలు పేరు. అందులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి.

విమానం నంబరు అడిగే చోట, భారత్‌లో దింపే చివరి అంతర్జాతీయ విమానం నంబరు ఇవ్వాలి. డాలస్ నుంచి దోహా దాకా వచ్చినదాని నంబరు కాదు, దోహా నుంచి హైదరాబాద్ వచ్చేదానిది. ఒకే విమానానికి రెండు సంస్థల నంబర్లు ఉంటే, నిజంగా నడిపే సంస్థ నంబరు వేయడం మేలు. దిగే విమానాశ్రయం దగ్గర విజయవాడ, విశాఖ, తిరుపతి ప్రయాణికులు ఎక్కువగా పొరబడతారు. న్యూయార్క్ నుంచి ఢిల్లీ వచ్చి, అక్కడ దేశీయ విమానం ఎక్కి గన్నవరం చేరేవారికి ఇమిగ్రేషన్ జరిగేది ఢిల్లీలోనే. కాబట్టి ఫారంలో ఢిల్లీ అనే ఉండాలి. టికెట్ చివర విజయవాడ ఉంది కదా అని అదే ఎంచుకుంటే, ఢిల్లీ కౌంటర్లో చూపించే కార్డు మీద గన్నవరం ఉంటుంది.

గత ఆరు రోజుల్లో ఏయే దేశాల్లో ఉన్నారన్న ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆరే రోజులు ఎందుకంటే, ఎల్లో ఫీవర్ సోకాక బయటపడటానికి గరిష్ఠంగా పట్టే కాలంగా లెక్కగట్టేది ఆరు రోజులే. ఆ జ్వరం ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చేవారు టీకా ధ్రువపత్రం చూపాలి. లేకుంటే క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. నైజీరియా, కెన్యా, ఉగాండాలలో పనిచేసే తెలుగువారు దీన్ని గుర్తుంచుకోవాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. బయల్దేరే ముందు రోజు వేయించుకుంటే లాభం లేదు. ఈ టీకా నియమానికి భారత పాస్‌పోర్టు ఉన్నా మినహాయింపు లేదు.

భారత్‌లో ఉండే చిరునామా కూడా అడుగుతారు. చుట్టాల ఇల్లయినా సరే, హోటలయినా సరే. ఇంటి నంబరు, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడ్ ముందే రాసి పెట్టుకోవాలి. ఊరు విడిచి పాతికేళ్లయినవారి మనసులో పాత జిల్లాలే ఉంటాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు విడిపోయాయి. సిరిసిల్ల ఇప్పుడు కరీంనగర్ జిల్లాలో లేదు, విజయవాడ కృష్ణా జిల్లాలో లేదు. ఇంట్లోవాళ్లను ఒకసారి అడిగి రాయడం మంచిది. ఫోన్ నంబరు దగ్గర ఇక్కడ పలికే బంధువు నంబరు ఇస్తే అవసరానికి ఉపయోగపడుతుంది.

నింపాక వచ్చే కార్డును ఫోన్‌లో దాచుకుని, దానితోపాటు ఒక స్క్రీన్‌షాట్ కూడా తీసుకోవాలి. ఈమెయిల్‌లో ఉందిలే అని వదిలేస్తే, దిగగానే విదేశీ సిమ్‌కు రోమింగ్ అందకపోతే మెయిల్ తెరుచుకోదు. విమానాశ్రయం వైఫై వాడుకుందామంటే ఓటీపీ అదే పనిచేయని సిమ్‌కు వస్తుంది. వయసు మళ్లినవారు ఒంటరిగా వస్తుంటే ఒక కాగితం ప్రింటు పాస్‌పోర్టులో పెట్టి పంపాలి. అసలు నింపకుండా వచ్చి కౌంటర్ల ముందు నించుని, చంకలో బిడ్డతో, నిద్రమత్తులో, ఫోన్‌లో ఇన్ని గడులు నింపడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఈ కార్డుకూ కస్టమ్స్‌కూ సంబంధం లేదు. బంగారం, నగదు గురించి ఇందులో చెప్పేదేమీ ఉండదు. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే మహిళ 40 గ్రాములు, పురుషుడు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చన్నది పరిమితి, అదీ నగలకే, బిస్కెట్లకు కాదు. విదేశీ నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 డాలర్లు దాటినా కస్టమ్స్ దగ్గర విడిగా ప్రకటించాలి. ఈ–అరైవల్ కార్డు అక్కర్లేని గల్ఫ్ కార్మికుడికీ ఇవి వర్తిస్తాయి.

ఇంత గందరగోళానికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. కోవిడ్ కాలంలో 2020 ఆగస్టు నుంచి 2022 నవంబరు దాకా ‘ఎయిర్ సువిధ’ ఫారం ఉండేది. అది భారత పౌరులకూ తప్పలేదు. ఆ జ్ఞాపకంతోనే ఇప్పటి కార్డునూ అందరికీ అంటగడుతున్నారు. నిజానికి భారతీయులకు దిగేటప్పుడు నింపే కాగితం 2014లోనే, వెళ్లేటప్పుడు నింపేది 2017 జూలైలోనే తీసేశారు. ఈ తేడా తెలియని కార్మికుల దగ్గర ‘ఆన్‌లైన్ ఫారం నింపిపెడతాం’ అంటూ డబ్బు గుంజడం ఏ ఏజెంటుకైనా చిటికెలో పని.

అందుకే పత్రికకు ఒక విన్నపం. ఈ విషయం మీద వార్త వేసినప్పుడు శీర్షికలో ‘ఎన్నారైలు’ అనే బదులు ‘విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు’ అని వేయండి. అక్షరాలు నాలుగు పెరిగినా ఫర్వాలేదు. సంక్రాంతి, వేసవి సెలవుల ముందు జిల్లా పేజీల్లో, ముఖ్యంగా కరీంనగర్, నిజామాబాద్, కడప ఎడిషన్లలో, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఈ ఫారం అక్కర్లేదన్న ఒక్క వాక్యం పెట్టె కట్టి వేస్తే ఇంకా మేలు.

భవదీయ,
ఒక పాఠకుడు
హైదరాబాద్