కళ్లజోడు తీసిన క్షణం

సంపాదకుడు గారికి,

సూపర్‌మ్యాన్ అనగానే అందరూ ఎగరడం గురించే చెబుతారు. నాకు మాత్రం 1978 నాటి సినిమాలో ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ రీవ్, మామూలు మనిషి వేషంలో పెట్టుకున్న కళ్లజోడు తీసి, వంగిన భుజాలు నిటారుగా చేసే క్షణమే గుర్తు. గ్రాఫిక్స్ ఏమీ లేవు, మనిషే మారిపోతాడు!

1995లో వర్జీనియాలో గుర్రం మీంచి పడి ఆయన మెడ విరిగింది. మెడ నుంచి కిందికి శరీరం చచ్చుబడింది, ఊపిరికీ వెంటిలేటరే దిక్కు. అయినా మరుసటి ఏడాదే వీల్‌ఛెయిర్‌లో ఆస్కార్ వేదిక మీదికి వచ్చారు. వెన్నుపాము పరిశోధనకు నిధులు కూడగట్టారు. 2004లో, 52 ఏళ్లకే పోయారు. భార్య డానా ఆ పనిని కొనసాగించారు, రెండేళ్లు తిరక్కుండానే ఆవిడా కన్నుమూశారు.

మొన్న మా బాబాయిని వీల్‌ఛెయిర్‌లో సినిమాకి తీసుకెళ్తే హాల్లో ర్యాంపే లేదు. నలుగురం కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లెక్కాం. తెర మీద హీరో అప్పటికే ఎగురుతున్నాడు.

– ఒక ప్రేక్షకుడు, తెనాలి