మూడో రోజుకే తేలిన మా పడవ: అందరికీ కృతజ్ఞతలు

ప్రొపెల్లర్ దెబ్బతిని ఆగిపోయిన మా నాన్న పడవ ఇవాళ తెల్లవారుజామున మళ్ళీ వేటకి వెళ్ళింది. రేవులో నిలబడి చూసి వచ్చి, ఇంటి పని కూడా ముట్టుకోకుండా ఇది రాయడానికి కూర్చున్నాను. పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ సాయం చేసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

మాది కాకినాడ ఏటిమొగ. జూన్ 14తో 61 రోజుల వేట నిషేధం ముగిశాక, ఆ రెండు నెలల ఖాళీని పూడ్చుకునేది ఈ వర్షాకాలం వేటతోనే. పడవ లెక్కలు రాసేది నేనే కాబట్టి ఒక్క వారం పడవ రేవులో ఉండిపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. సరిగ్గా అలాంటప్పుడే, శ్రావణం చివర్లో గోదావరికి వరద వచ్చి, భైరవపాలెం మొగలోంచి చెట్లూ దుంగలూ సముద్రంలోకి కొట్టుకొచ్చాయి. రాత్రి రెండు గంటల వేళ అలాంటి దుంగ ఒకటి మా పడవ వెనక భాగం కిందికి దూరింది. అడుగున పెద్ద చప్పుడు, ఆ వెంటనే పడవంతా ఒకటే వణుకు. నాన్న వెంటనే న్యూట్రల్ చేసి, కాసేపాగి మెల్లగా గేర్ వేసి చూశారట. క్యాబిన్ అద్దాలు గలగలమన్నాయి. ప్రొపెల్లర్‌ని తిప్పే ఇనుప కడ్డీ, అంటే షాఫ్ట్, పడవ లోపలికి వచ్చే చోట నీళ్ళని ఆపే గ్లాండ్‌లోంచి మామూలుగా నిమిషానికి నాలుగైదు చుక్కలు కారాల్సిన నీళ్ళు ధారగా వచ్చాయి. ఫ్యాన్ దెబ్బతిందని అర్థమై ఇంజన్ ఆపేశారు. ప్రొపెల్లర్‌ని మేం ఇంట్లో ఫ్యాన్ అనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

ముందుగా, వైర్‌లెస్ సెట్‌లో నాన్న గొంతు విని వచ్చిన పడవ వాళ్ళకి దండాలు. అప్పటికి మీ వల నీళ్ళలో ఉంది. ఇంకో గంటాగితే మంచి చేప పడేదేమో, అయినా ఆగకుండా వల లాగేసుకుని వచ్చారు. హోప్ ఐలాండ్ చుట్టూ తిప్పి ఉప్పుటేరులోకి తెచ్చి కట్టేసరికి మధ్యాహ్నమైంది. డీజిలు ఖర్చయినా తీసుకోండి అన్నయ్యా అంటే, "రేపు మా ఫ్యాన్‌కి తగిలితే మీ నాన్న రారేంటమ్మా" అన్నారు. ఆ మాటకి నాకేం చెప్పాలో తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాను, తప్పకుండా వస్తారు.

రేవులో కట్టగానే చిన్నాన్న కొడుకు నీళ్ళలోకి దిగాడు. వాడు పైకి వచ్చేదాకా నాన్న ఇంజన్ తాళం తన గుప్పిట్లోనే పెట్టుకున్నారు, ఎవరినీ క్యాబిన్‌లోకి పోనివ్వలేదు. ఆ బురద నీళ్ళలో కంటికేమీ కనబడదు, అంతా చేత్తో తడిమి చూడాల్సిందే. మూడు రెక్కల్లో ఒకటి చెవి మడతపెట్టినట్టు వంగిపోయిందనీ, ఇంకోదాని అంచు అరచేయంత ఊడిపోయిందనీ, మూడోది బాగానే ఉందనీ చెప్పాడు. పైకి తీశాక చూస్తే అక్షరాలా అంతే. తమ్ముడూ, నీ చేతులకి గవ్వపెంకులు కోసుకుపోయిన గాట్లు ఇంకా మానలేదు. ఆ రోజు నీకు మంచి మాట చెప్పడానికి కూడా నాకు తీరిక దొరకలేదు.

మా ఫ్యాన్ 34 అంగుళాల కంచుది, ఇద్దరు మోయాల్సిన బరువు. నీళ్ళలో ఉండగా దాన్ని విప్పడం కుదిరే పని కాదు. పడవల్ని ఒడ్డుకి లాగి బాగుచేసే స్లిప్‌వే మీద మా ముందు చాలా పడవలున్నాయి. అందుకని పాత పద్ధతే పట్టాం: పెద్ద పోటు మీద పడవని ఏటి గట్టు బురద మీదికి ఎక్కించి, పాటు తీశాక, అంటే నీళ్ళు వెనక్కి వెళ్ళి ఫ్యాన్ బయటపడినప్పుడు, పని చేసుకోవడం. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటలు. అందులో చేతికి పని దొరికేది నాలుగు గంటలే, ఆ తర్వాత నీళ్ళు మళ్ళీ కమ్ముకొస్తాయి. పైగా అమావాస్య పోయిన రెండో రోజు దాకానే పోటు బలంగా ఉంటుంది, ఆ తర్వాత రోజురోజుకీ తగ్గిపోతుంది. అంటే అమావాస్య నాడు ఎక్కించిన పడవ విదియ రాత్రికల్లా తేలకపోతే, మళ్ళీ పౌర్ణమి దాకా గట్టు మీదే. ఫ్యాన్ విప్పడం, బాగుచేయడం, బిగించడం, మూడూ ఆ మూడు రోజుల్లోనే అయిపోవాలి.

అది పోలాల అమావాస్య. పండగ పూట ఇంట్లో పూజ, పిల్లలకి బూరెలు. అవన్నీ వదిలి మేస్త్రి తాతయ్య వచ్చారు. జగన్నాథపురంలోని మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్‌లో శిక్షణ పొంది, ఎన్నో ఏళ్ళుగా ఈ ఏటి గట్టు మీద షాఫ్టులూ ఇంజన్లూ చూస్తున్న మనిషి. పొద్దున పోటుకి పడవ ఎక్కించాం. మధ్యాహ్నం దాటాక ఫ్యాన్ పూర్తిగా బయటపడింది. మా కలాసీల్లో ఒకతను అప్పటికే పెద్ద సుత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తాతయ్య దాన్ని తీసి గట్టు మీద పెట్టేశారు.

"కొడితే వస్తాదయ్యా. పగిలి వస్తాది, లేకపోతే షాఫ్ట్ వంగి వస్తాది."

ఆ తర్వాత ఆయన చేసింది ఒక్కొక్కటీ నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. నట్టు ఊడకుండా అడ్డంగా వేసే స్ప్లిట్ పిన్ తీశారు. వెనకున్న లాక్ నట్టు తీసి నా చేతికిచ్చారు. అసలు నట్టుని మాత్రం పూర్తిగా తీయలేదు, పావు అంగుళం వదులు చేసి వదిలేశారు. ఎందుకని అడిగితే, ఏటవాలుగా చెక్కిన షాఫ్ట్ మీద ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన ఫ్యాన్ వదిలినప్పుడు ఒక్కసారిగా ఎగిరి వస్తుందట. నట్టు అక్కడ లేకపోతే ఎదురుగా ఉన్నవాళ్ళ కాళ్ళ మీద పడుతుంది. ఆ మాట విన్నాక మా వాళ్ళు ఎవరూ వెనక వైపు నిలబడలేదు.

మధ్యలో ఉండే బోసుకి ముందువైపు ఒక మందపాటి ప్లేటు, షాఫ్ట్ చివర ఒక ప్లేటు పెట్టి, రెంటినీ పొడవాటి బోల్టులతో కలిపారు. ఆ ప్లేట్లు మావి కావు, పక్క పడవ మామయ్యవి. ఒక బోల్టు అర చుట్టు, ఎదుటి బోల్టు అర చుట్టు, అలా సమానంగా బిగించుకుంటూ పోయారు. కదల్లేదు. అప్పుడు లోపల ఉన్న రబ్బరు బుష్ కాలిపోకుండా దాని చుట్టూ తడి గోనెసంచులు చుట్టించి, గ్యాస్ మంటతో బోసుని వేడి చేశారు. మంటని ఒకచోట నిలపకుండా గుండ్రంగా తిప్పుతూనే ఉన్నారు. ఇనుము కంటే కంచు ఎక్కువ వ్యాకోచిస్తుంది, బోసు ఆ వెంట్రుకవాసి పెరిగితే చాలు, షాఫ్ట్‌ని వదిలేస్తుందన్నారు. ఇంకో పావు చుట్టు బిగించి, ప్లేటు మీద చిన్న సుత్తితో ఒక్కసారి తట్టారు. టప్ మని చప్పుడైంది. ఫ్యాన్ వచ్చి నట్టుకి ఆనుకుని ఆగింది. అప్పటిదాకా గట్టు మీద ఒక్కరూ మాట్లాడలేదు, అప్పుడు మాత్రం అందరం ఒకేసారి అరిచాం.

షాఫ్ట్ గాడిలోంచి కీ, అంటే ఫ్యాన్ షాఫ్ట్ మీద జారి తిరగకుండా పట్టి ఉంచే లోహపు ముక్క తీసి, బురదలో పడిపోకుండా ఆయన తన మొలతాడుకి కట్టేసుకున్నారు. రెండు రోజులూ అది ఆయన మొలనే ఉంది.

ఇక లేత్ షాపు అన్నయ్య గారు. ఫ్యాన్‌ని శుభ్రంగా తోమించి ఎర్రటి మందు స్ప్రే చేశారు. పావుగంటాగి తుడిచేసి, తెల్లటి పొడి మందు స్ప్రే చేశారు. కాసేపటికి ఆ తెలుపు మీద, ఊడిపోయిన అంచు దగ్గర్నుంచి లోపలికి ఒకటిన్నర అంగుళం పొడవున సన్నటి ఎర్ర గీత దానంతటదే తేలింది. కంటికి కనబడని పగులు అది. మూడేళ్ళ క్రితం వేరే ఊళ్ళో ఒక షాపులో ఆ రెక్కకి చేయించిన అతుకే అందుకు కారణమని ఆయన చూపించారు. కంచుకి సరిపడని వెల్డింగ్ రాడ్‌తో అతికారు, తర్వాత బ్యాలెన్స్ చూడలేదు. ఈ మూడేళ్ళూ గ్లాండ్‌లో నీళ్ళు రాకుండా కుక్కే ప్యాకింగ్ తరచూ ఎందుకు అరిగిపోతోందో, నేను ఆ ఖర్చు లెక్కల్లో పదే పదే ఎందుకు రాసుకున్నానో అప్పుడు తెలిసింది. దుంగ తగిలింది నిజమే కానీ, సగం దెబ్బ అంతకుముందే తగిలి ఉంది.

పగులు పైన లోహం పూసేసి ఇచ్చినా మాకు తెలిసేది కాదు. ఆయన అలా చేయలేదు. పాత అతుకంతా గ్రైండర్‌తో తీసేసి, మళ్ళీ ఎర్ర మందు వేసి చూసి, గీత అస్సలు కనబడకుండా పోయేదాకా చెక్కి, అప్పుడు సరైన రాడ్‌తో కొత్తగా నింపుకొచ్చారు. వంగిన రెక్కని నీడలో పెట్టి, సన్నగా ఎర్రబడేదాకా వేడి చేసి మెల్లగా వెనక్కి తెచ్చారు. చెడని మూడో రెక్క మీద రేకు పెట్టి వంపు కత్తిరించుకుని, మిగతా రెంటికీ అదే కొలత. నీళ్ళు చల్లితే కంచు పగలొచ్చని బూడిద కప్పి తెల్లవార్లూ చల్లారనిచ్చారు. ఆ రాత్రి ఆయన ఇంటికి వెళ్ళలేదు.

మర్నాడు ఫ్యాన్‌కి కడ్డీ దూర్చి, రెండు కత్తి అంచుల మీద అడ్డంగా పెట్టారు. బరువున్న రెక్క మెల్లగా తిరిగి కిందికి వచ్చింది. దాని వెనకవైపు కొంచెం గ్రైండ్ చేయడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ చూడటం. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చివరికి నాన్నని పిలిచి, "మీరు తిప్పండి" అన్నారు. నాన్న ఒక్క వేలితో నెట్టారు. ఫ్యాన్ తిరిగి, ఆయన ఆపిన చోటే ఆగిపోయింది. ఏ రెక్కా కిందికి దిగలేదు. నాన్న ఇంకో రెండుసార్లు తిప్పి చూసుకుని, ఏమీ అనకుండా అన్నయ్య చెయ్యి పట్టుకున్నారు.

విదియ నాడు పాటు తీసేసరికి వాన మొదలైంది. తాతయ్య ముందు షాఫ్ట్ వంగలేదని డయల్ గేజ్ పెట్టి చూశారు. తర్వాత షాఫ్ట్‌కి నీలం రంగు పూసి, కీ లేకుండా ఫ్యాన్ ఎక్కించి తీశారు. బోసు లోపల నీలం ఎక్కడ అంటిందో, ఎక్కడ అంటలేదో చూసి, ఎత్తుగా ఉన్నచోట రుద్దారు. షాఫ్ట్ మీద ఫ్యాన్ ఎంతదాకా వచ్చిందో గీత పెట్టుకుని, ఈసారి కీ వేసి ఎక్కించారు. సరిగ్గా అదే గీత దాకా రావాలట, రాకపోతే ఫ్యాన్ షాఫ్ట్‌ని కాకుండా కీని పట్టుకుని కూర్చున్నట్టు. మొదటిసారి రాలేదు. చీకటి పడుతోంది, నీళ్ళు మళ్ళీ ఎక్కుతున్నాయి, నాకు టెన్షన్‌తో చేతిలో టార్చి వణుకుతోంది. ఆయన మాత్రం కీ తీసి, పైన ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది, మళ్ళీ వేశారు. గీత కలిసింది. నట్టు, లాక్ నట్టు, కొత్త స్ప్లిట్ పిన్ బిగించేసరికి నీళ్ళు ఆయన మోకాళ్ళు దాటాయి.

రాత్రి పదిన్నరకి పడవ తేలింది. నీళ్ళలో తేలాకే పడవ ఒళ్ళు సర్దుకుంటుందని, తాతయ్య మర్నాడు మళ్ళీ వచ్చి ఇంజన్‌నీ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ సందులు కొలిచి సరిచేశారు. ఇప్పుడు గ్లాండ్ నిమిషానికి నాలుగు చుక్కలు, అంతే.

ప్లేట్లు ఇచ్చిన మామయ్యకి, గ్యాస్ సిలిండర్ తెచ్చిపెట్టిన ఆటో అన్నకి, గట్టు మీదికే టీలూ పులిహోరా మోసిన అత్తయ్యలకి, చెప్పకుండానే వచ్చి తాళ్ళు లాగిన ఏటిమొగ కుర్రాళ్ళందరికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు. మేస్త్రి తాతయ్యా, మీరు పండగ పూట తినకుండా వచ్చేశారని మామ్మ గారు నాతో అన్నారు. వచ్చే ఆదివారం బూరెలు మా ఇంట్లో. మొదటి వేటలో పడిన చేప మీకూ, లేత్ అన్నయ్యకీ తీసిపెట్టమని నాన్న వెళ్తూ వెళ్తూ చెప్పారు.

ఇంకో మాట. మామయ్య ప్లేట్లు చూసి అలాంటివే ఒక జత చేయించాం, బోల్టులతో సహా. మా వసారాలో నూనె రాసి పెట్టి ఉన్నాయి. ఎవరి ఫ్యాన్ విప్పాల్సి వచ్చినా వచ్చి తీసుకెళ్ళండి, నాన్న వేటలో ఉన్నా నేను ఇంట్లోనే ఉంటాను.