పరుగు చివర మాస్కు చెప్పే గ్రాములు

సంపాదకులకు,

పోలీసు, ఆర్మీ దేహదారుఢ్య పరీక్షల కోసం హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో తెల్లవారుజామున పరుగు తీసే యువకుల చేతుల్లో ఈమధ్య ఫిట్‌నెస్ సెంటర్ల రిపోర్టులు కనిపిస్తున్నాయి. ముఖానికి మాస్కు కట్టి, ట్రెడ్‌మిల్ మీద ఇక నావల్ల కాదనేదాకా ఉరికించి, నిమిషానికి ఇంత కొవ్వు, ఇంత పిండి పదార్థం ఖర్చయిందని గ్రాముల్లో రాసిస్తున్నారు. ఆ కాగితంలో నింపాదిగా ఉరికిన భాగం లెక్క సరైనదే కావచ్చు. రొప్పుతూ ఉరికిన చివరి నిమిషాల లెక్క మాత్రం తప్పు. యంత్రం మంచిదైనా తప్పే.

మాస్కు కొలిచేవి రెండే: పీల్చుకున్న ఆక్సిజన్, వదిలిన కార్బన్ డయాక్సైడ్. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే శ్వాస నిష్పత్తి వస్తుంది. పూర్తిగా కొవ్వే ఖర్చయితే 0.70, పూర్తిగా పిండి పదార్థమే అయితే 1.00. గ్రాములు తేల్చడానికి ఎక్కువగా వాడే సూత్రం 1983లో ఫ్రేన్ అనే శాస్త్రవేత్త ఇచ్చినది. నిమిషానికి లీటర్లలో ఆక్సిజన్ నుంచి కార్బన్ డయాక్సైడ్ తీసేసి 1.67తో హెచ్చిస్తే కొవ్వు. కార్బన్ డయాక్సైడ్‌ను 4.55తో హెచ్చించి, అందులోంచి 3.21 రెట్ల ఆక్సిజన్ తీసేస్తే పిండి పదార్థం.

నింపాదిగా ఉరికే మనిషి 2.0 లీటర్ల ఆక్సిజన్ తీసుకుని 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదిలాడనుకుందాం. కొవ్వు 0.5 గ్రాములు, పిండి పదార్థం 1.3 గ్రాములు వస్తాయి. నమ్మదగిన లెక్కే. అదే మనిషి చివరి నిమిషంలో 3.0 లీటర్లు తీసుకుని 3.4 లీటర్లు వదిలితే? కొవ్వు మైనస్ 0.67 గ్రాములు! ఉరుకుతూ కొవ్వు పోగేసుకున్నాడన్నమాట. సాఫ్ట్‌వేర్ ఈ మైనస్‌ను దాచి సున్నా అని అచ్చు వేస్తుంది. పిండి పదార్థం 5.8 గ్రాములని చూపుతుంది, అంటే 23 కిలోకేలరీలు. 3 లీటర్ల ఆక్సిజన్‌తో వచ్చేది సుమారు 15 మాత్రమే.

ఆ అదనపు కార్బన్ డయాక్సైడ్ ఇంధనం మండి వచ్చింది కాదు. కండరంలో నిల్వ ఉన్న పిండి పదార్థమైన గ్లైకోజెన్ వేగంగా విరుగుతున్నప్పుడు ల్యాక్టేట్ అనే పదార్థంతో పాటు ఆమ్లత పెరుగుతుంది. దాన్ని అణచడానికి రక్తంలోని బైకార్బనేట్ ఖర్చయి, కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోంచి బయటపడుతుంది. ఆయాసంతో గబగబా ఊపిరి తీస్తే ఒంట్లో నిల్వ ఉన్నదీ కొంత పోతుంది. ఆగిన తర్వాత తొలి నిమిషాల్లో నిష్పత్తి ఇంకా పెరుగుతుంది. ఆపై ఒళ్లు ఆ నిల్వను మళ్లీ నింపుకుంటుంది గనుక, అసలు స్థాయి కన్నా కిందికి పడుతుంది. ఆ పడిపోవడాన్ని చూపించి 'విశ్రాంతిలో కొవ్వు కరుగుతోంది' అనడం కూడా విన్నాం.

కాబట్టి గ్రాములు కావాలంటే పరీక్షే వేరుగా పెట్టాలి. నిమిషానికోసారి వేగం పెంచకుండా ఒక్కో వేగంలో 4, 5 నిమిషాలు ఉరికించి, చివరి రెండు నిమిషాల సగటే తీసుకోవాలి. నిష్పత్తి 1.00 తాకగానే గ్రాముల గడి ఖాళీగా వదలాలి. రాత్రి భోజనం తర్వాత 10 గంటలు ఏమీ తినకుండా, ముందురోజు కఠిన కసరత్తు చేయకుండా రావాలి. పొద్దున నాలుగు ఇడ్లీలు తిని వచ్చినవాడి నిష్పత్తి ముందే పైన ఉంటుంది. అతన్ని పరగడుపున వచ్చినవాడితో పోల్చడం దండగ.

ఇక యంత్రం సంగతి. పైన చెప్పిన మొదటి ఉదాహరణలో కార్బన్ డయాక్సైడ్ కొలత 2 శాతం ఎక్కువ చూపితే చాలు, కొవ్వు 11 శాతం తగ్గిపోతుంది. అందుకే ప్రతి పరీక్షకు ముందు 16 శాతం ఆక్సిజన్, 4 లేదా 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ప్రామాణిక గ్యాస్‌తోనూ, గాలి పరిమాణం కోసం 3 లీటర్ల సిరంజితోనూ సరిచూడాలి. సిరంజిని నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి తొయ్యాలి. యంత్రం కొని గ్యాస్ సిలిండర్ కొననివాళ్లు కొలుస్తున్నట్టు కాదు. మాస్కు పక్కనుంచి గాలి పోతే రెండు వాయువులూ కలిసే తగ్గుతాయి, నిష్పత్తి మారదు. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉండి గ్రాములు తక్కువ పడతాయి. మాస్కు రంధ్రాన్ని అరచేత్తో మూసి ఊదమంటే లీకు తెలిసిపోతుంది. మన ఎండాకాలంలో తలుపులు బిగించి ఏసీ వేస్తే మరో చిక్కు: పదిమంది ఊపిరితో గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. యంత్రం మాత్రం బయటి గాలిలోని 20.93, 0.04 శాతాలనే పట్టుకుని లెక్క వేయవచ్చు.

మరి పరుగు చివర జరిగేది కొలవలేమా? కొంతవరకు కొలవొచ్చు. నింపాది వేగాలు కనీసం నాలుగైదింటిలో ఆక్సిజన్ కొలిచి గీత గీసి, దాన్ని పోటీ వేగం దాకా పొడిగిస్తే కావలసిన ఆక్సిజన్ ఎంతో తెలుస్తుంది. అందులోంచి నిజంగా పీల్చుకున్నది తీసేస్తే మిగిలే లోటు ఆక్సిజన్ లేకుండా, అంటే కండరంలోని క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే తక్షణ శక్తి నిల్వ, ల్యాక్టేట్ దారుల్లో వచ్చిన శక్తికి అంచనా. ల్యాక్టేట్ కోసం వేలి నెత్తురు తీసేటప్పుడు చెమట శుభ్రంగా తుడిచి, మొదటి బొట్టు వదిలేయాలి. చెమటలో ల్యాక్టేట్ నెత్తురులో కన్నా చాలా ఎక్కువ. గ్లైకోజెన్ ఎంత తగ్గిందో సూటిగా తెలియాలంటే 1960లలో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్ అనే వైద్యుడు వాడుకలోకి తెచ్చిన సూదితో కండరం ముక్క తీయాలి. అది ఆస్పత్రి పని, జిమ్ము పని కాదు. ఊపిరిలోని కార్బన్-13 (కాస్త బరువైన రకం కార్బన్) పాళ్లను బట్టి ఏ ఇంధనం ఖర్చయిందో లెక్కగట్టే పద్ధతిలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కుంది: మక్కజొన్న, జొన్న, చెరకుల్లో అది వరి కన్నా ఎక్కువ. మక్క గట్కో, జొన్నరొట్టో తిన్నవాడి ఊపిరి ముందే తేడాగా ఉంటుంది.

అసలు 1600 మీటర్ల అభ్యర్థికి కొవ్వు గ్రాములతో పనేముంది? తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్‌లో గడువు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు. 60 కిలోల మనిషికి మొత్తం ఖర్చు సుమారు 100 కిలోకేలరీలు. అంతా పిండి పదార్థమే అనుకున్నా 25 గ్రాములు. కండరాల్లో గ్లైకోజెన్ 300, 400 గ్రాములుంటుంది. అతనికి కావలసిన అంకెలు గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం, ఏ వేగం దగ్గర ల్యాక్టేట్ ఎగబాకుతోందన్నది. ఈ రెండింటితో పాటు ఒక్కో దశ ఎన్ని నిమిషాలు, ప్రతి దశలో శ్వాస నిష్పత్తి ఎంత, ఆ రోజు గ్యాస్‌తో సరిచూశారా లేదా అన్నవి రిపోర్టులో అచ్చు వేయాలని సెంటర్లను కోరుతున్నాం. ఇవి లేని కాగితానికి అభ్యర్థులు డబ్బు కట్టనక్కర్లేదు.

– వ్యాయామ శరీరధర్మ శాస్త్రం బోధించేవారు, హనుమకొండ