అట్ట మీద నెగెటివ్, డిస్కులో పాత టేపు: చలనచిత్ర భాండాగారం సంచాలకులకు బహిరంగ లేఖ

సంచాలకులు గారికి,

నమస్కారం. పాత సినిమాల 4కె డిస్కుల మీద మేం పెట్టుకున్న అర్జీలన్నిటికీ మీ కార్యాలయం నుంచి వచ్చింది ఒకటే జవాబు: "పరిశీలనలో ఉంది". పరిశీలించేవారికి కాస్త పని తగ్గుతుందని, చూడాల్సినవేమిటో ఈసారి అందరి ముందే రాస్తున్నాం.

పథకం మీరు పెట్టిందే, విడమర్చి చెప్పక్కర్లేదు. అసలు కెమెరా నెగెటివ్‌ను (షూటింగులో కెమెరాలో తిరిగిన ఫిల్మునే) 4కెలో, అంటే పై నుంచి కిందికి 2160 గీతల వివరంతో, స్కాన్ చేసి ఇస్తామన్నారు. అట్ట మీదా అదే అచ్చేశారు. లోపలున్నది మాత్రం డీవీడీల కాలంలో టెలిసినీ చేసిన (ఫిల్మును వీడియోగా మార్చిన) పాల్ టేపు, అంటే పాత టీవీ పద్ధతి వీడియో.

నమ్మకపోతే ముందు నిడివి లెక్కేయండి. 35 ఎంఎం ఫిల్ముకు అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు. 13,500 అడుగుల సినిమా 150 నిమిషాలు ఆడాలి. సెకనుకు 25 ఫ్రేముల పాల్ టేపుకెక్కితే అదే సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. రీళ్ల పొడవు మీ రిజిస్టర్లలోనే ఉంటుంది. దాన్ని 90తో భాగించి డిస్కు నిడివి పక్కన పెట్టి చూడండి. తేడా వచ్చిన ఆరు నిమిషాల్లో ఒక్క షాటూ పోలేదు, సినిమా నాలుగు శాతం వేగంగా పరిగెత్తిందంతే. దానితోపాటు శబ్దమూ పరిగెత్తింది కాబట్టి ప్రతి పాటా అర్ధస్వరానికి కాస్త తక్కువగా పైశ్రుతిలో వినిపిస్తోంది. గాయకుల గొంతు సన్నబడిందేమిటని ఎవరైనా అడిగితే పాపం వాళ్ల మీదకు నెట్టకండి.

తర్వాత, ఎవరైనా చెయ్యి విసిరే చోట బొమ్మ ఆపి ఒక్కో ఫ్రేమే జరపండి. చేతి అంచున దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి, లేదంటే రెండు చేతులు నీడల్లా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఒక్కో బొమ్మను సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసి దాచే ఇంటర్లేస్ టేపును సరిగ్గా విడదీసి కలపకపోతే వచ్చే జబ్బు ఇది. ఫిల్మును ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేస్తే రావడానికి వీల్లేదు. (డిజాల్వులున్న చోట, అంటే ఒక దృశ్యం కరిగి ఇంకోదానిలో కలిసే చోట, మాత్రం ఈ పరీక్ష చేయకండి. అక్కడ రెండు బొమ్మలు కలవడం సహజమే. "చూశారా, ఇది ఒరిజినల్‌లోనే ఉంది" అని మీ వాళ్లు చూపించేది సరిగ్గా ఆ చోటే.)

ఇక ఫ్రేము. వెడల్పాటి టీవీ నిండాలని 1.37 నిష్పత్తిలో (ఎత్తుకు 1.37 రెట్ల వెడల్పుతో) తీసిన సినిమాను పైనా కిందా కోసి 1.78 చేశారు. ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోయింది. తలలు తెగాయి, నృత్యాల్లో పాదాలు పోయాయి. పాల్ టేపులో ఉండేవే 576 గీతలు. ఈ కోతతో మిగిలినవి 432. ఆ 432నే సాగదీసి 2160 చేశారు, సరిగ్గా ఐదింతలు! దీన్ని 4కె అనడానికి మీ సంతకం కావాల్సి వచ్చిందంటే బాధగా ఉంది. సాగదీస్తే మొరటుగా కనిపిస్తుంది కనుక నాయిస్ రిడక్షన్‌తో తుడిచారు. ఫిల్ములో సహజంగా ఉండే సన్నని రేణువులతోపాటు చర్మం మీది గీతలు, చీర నేత కూడా పోయి ముఖాలు మైనపు బొమ్మలయ్యాయి. ఆ పైన కంప్యూటర్‌తో కొత్త రేణువులు చల్లారు. పాత టీవీల కోసం అంచులకు పెట్టిన తెల్లగీత మాత్రం అలాగే వదిలేశారు, నల్లని జుట్టు చుట్టూ చూడండి. అన్నిటికీ మించి హెచ్‌డీఆర్, అంటే వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి. టేపులో ఎప్పుడో తెల్లగా కాలిపోయిన చొక్కాను ఇంకా వెలిగించడం తప్ప అదేం చేయగలదు? ఆ చొక్కా మడతలు ఉండేది నెగెటివ్‌లో.

శబ్దం గురించి క్లుప్తంగా. మోనో (ఒకే చానల్ శబ్దం) సినిమాకు ప్రతిధ్వని కలిపి 5.1 (ఆరు చానళ్ల శబ్దం) అన్నారు, అసలు మోనో తీసేశారు. 24 బిట్ల మోనోను కుదించకుండా పెట్టినా 150 నిమిషాలకు మూడు జీబీ పట్టదు. మీది 100 జీబీ డిస్కు.

నెగెటివ్ పాడైపోయిందంటారా? ఆ మాట అట్ట మీద రాయండి, ఎవరూ ఏమీ అనరు. నెగెటివ్ నుంచి నేరుగా తీసిన పాజిటివ్ నకలు, ఇంటర్‌పాజిటివ్ ఉంటే దాన్ని స్కాన్ చేయండి. లేకపోతే డూప్ నెగెటివ్ (నకలు నెగెటివ్), అదీ లేకపోతే దొరికినవాటిలో మంచి ప్రింటు. గీతలు పడ్డ ప్రింటు కూడా ఆ టేపు కన్నా నయం. బేస్ (ఫిల్ము ప్లాస్టిక్ పట్టీ) వైపు గీతలు వెట్ గేట్‌లో, అంటే ఫిల్మును ద్రవంలో తడిపి స్కాన్ చేస్తే, చాలామటుకు కనిపించకుండా పోతాయి. ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) దాకా దిగినవాటికే చేత్తో పని. ఫిల్ము కుంచించుకుపోయి పళ్ల చక్రాల మీద నడవకపోతే పళ్లు లేని స్కానర్లున్నాయి. రంగు వెలిసి ఎర్రబారిన ప్రింటును కూడా కొంతవరకు సరిచేయవచ్చు.

కానీ ఇదంతా ఫిల్ము మిగిలి ఉన్నంతవరకే. ఎసిటేట్ అనే ప్లాస్టిక్ బేస్‌కు వెనిగర్ వాసన పట్టిందంటే అందులోంచి వచ్చే ఆమ్లమే ఆ కుళ్లును ఇంకా వేగంగా నడిపిస్తుంది. చల్లటి గదిలో పెడితే నెమ్మదిస్తుంది తప్ప వెనక్కి రాదు. డబ్బాలో ఏ-డీ స్ట్రిప్ (ఆమ్లాన్ని బట్టి రంగు మారే కాగితం ముక్క) పెట్టండి. నీలం కాస్తా ఆకుపచ్చ అయిందంటే కుళ్లు మొదలైనట్టే, పసుపు దాకా వెళ్తే స్కానింగ్ వాయిదా వేయడానికి లేదు. మీ అధికారులు మెనూ డిజైన్‌కు ఇచ్చే సమయంలో సగం ఈ డబ్బాలకిస్తే చాలునండి. దయచేసి ఇవ్వండి.

అమ్మిన డిస్కులు వెనక్కి తీసుకోండి. ఏ మూలం నుంచి, ఎప్పుడు, ఏ రిజల్యూషన్‌లో స్కాన్ చేశారో ప్రతి డిస్కు మీదా రాయండి. అసలు ఫ్రేము, అసలు వేగం, అసలు మోనో ఇవ్వండి. ఇవి ఇంతకు ముందు అర్జీల్లోనూ అడిగినవే, మళ్లీ అడుగుతున్నాం. తర్వాతి సినిమాకైనా డిస్కు తయారీకి పంపేముందు ఒక్క రీలు స్కాన్‌ను, ఏ శుద్ధీ చేయనిదాన్ని, తెలిసినవాళ్లకు చూపించండి. అట్ట డిజైన్ ఆ తర్వాత చేయించుకోవచ్చు.

ఇట్లు,
మీ డిస్కులు కొన్నవాళ్లు