గండికోటలో కట్టడం సరే, నడిపేదెవరు?

సంపాదకుల వారికి,

2024 నవంబరులో కేంద్రం 23 రాష్ట్రాల్లోని 40 పర్యాటక ప్రాజెక్టులకు సుమారు 3,295 కోట్లు మంజూరు చేసింది. అందులో గండికోట వాటా దాదాపు 78 కోట్లు. చాలామంది దీన్ని గ్రాంటు అనుకుంటున్నారు. నిజానికిది 50 ఏళ్ల వడ్డీలేని అప్పు. కట్టాక నడిపే బాధ్యత రాష్ట్రానిదే. చిక్కంతా అక్కడే.

కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010 నాటి సవరణ చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తర్వాతి 200 మీటర్లలో ముందస్తు అనుమతి కావాలి. టెండర్లు పిలిచాక ఈ గీత గుర్తొస్తే నెలలకు నెలలు ఫైలు తిరుగుతూనే ఉంటుంది. హద్దుల సర్వే ముందు, డ్రాయింగు తర్వాత.

ఇక మరుగుదొడ్లు. మనిషికి పది లీటర్ల చొప్పున వేసుకున్నా, సెలవురోజు రెండు వేల మంది వస్తే 20,000 లీటర్లు కావాలి. కింద పెన్నా ఉన్నా పైకి ఎత్తిపోయాలి, దానికి మోటారు, కరెంటు, మనిషి కావాలి. పైగా అది రాతినేల. ఇంకుడు గుంత తవ్వితే నీరు ఇంకదు, పొంగి దారిలోకి వస్తుంది. మూసిన ట్యాంకు, దాన్ని ఖాళీ చేసే బండి లెక్కలో లేకపోతే ఏడాదిలోపే తాళం పడుతుంది.

గుత్తేదారు బిల్లులో కొంత భాగాన్ని అయిదేళ్ల నిర్వహణకు ముడిపెట్టి, ఏటా తనిఖీ చేశాకే చెల్లించాలి. టికెట్టు డబ్బులో స్థానిక పంచాయతీకి వాటా రాసివ్వాలి. లోయ అంచున రెయిలింగు, రాత్రి కాపలా మొదటి దశలోనే రావాలి. ‘భారత గ్రాండ్ క్యాన్యన్’ అంటూ పరాయి లోయ పేరు తగిలించే బోర్డులు ఆనక చూసుకోవచ్చు.

— ఒక పాఠకుడు, జమ్మలమడుగు