ఇరవై ఏడో స్లైడు

కావలి,
శనివారం రాత్రి

చిన్నా,

ఫోన్లో చెబితే సగంలోనే "సరేలే అమ్మా" అంటావు. అందుకే రాస్తున్నాను.

ఫోనులో డబ్బు పంపడం, అందులో జరిగే మోసాల గురించి పొదుపు సంఘాల ఆడవాళ్లకు పొద్దున నువ్వు చెప్పిన ఆన్‌లైన్ క్లాసు చూశాను. లింకు నాకు పంపావు కానీ నేను మన ఇంట్లో కూర్చోలేదు, పక్కింటి అత్త దగ్గరికి వెళ్లాను. పొదుపు సంఘం తరఫున ఆ క్లాసు వినాల్సిన మనిషి ఆవిడే కదా. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, ముందు చేట పెట్టుకుంది. నువ్వు మాట్లాడిన గంటా యాభై నిమిషాల్లో రెండు కిలోల కందిపప్పు ఏరేసింది. "అందరికీ అర్థమైందా?" అని నువ్వు అడిగినప్పుడల్లా తల ఎత్తకుండా బొటనవేలి బొమ్మ నొక్కింది. ఐదుసార్లు లెక్కపెట్టాను. నీ తెర నిండా బొటనవేళ్లే కనిపించి ఉంటాయి, క్లాసు బ్రహ్మాండంగా జరిగిందని సాయంత్రం నాన్నతో చెప్పావట.

ఇరవై ఏడో స్లైడులో "డబ్బు పంపడానికే యూపీఐ పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు" అని వచ్చింది. అప్పుడు అత్త చేట పక్కన పెట్టింది. పాత మంచం అమ్మకానికి పెడితే ఎవడో ఫోన్ చేసి, డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టి తీసుకోండి అన్నాడట. కొట్టింది. నాలుగు వేలు పోయాయి. ఇంట్లో మామయ్యకు కూడా చెప్పలేదు. వాడి గొంతు ఎంత మర్యాదగా ఉందో, ఎలా తొందరపెట్టాడో పది నిమిషాల పాటు నాకు చెప్పింది. ఈలోగా నువ్వు ముప్పై రెండో స్లైడుకు వెళ్లిపోయావు. గోల ఉండకూడదని అందరి మైకులూ ముందే కట్టేశావు కదా, ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది?

1991లో నేను అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీరుగా తిరిగిన సంగతి నీకు తెలుసు. మొదటి నెలంతా నేనూ నీలాగే చేశాను. రోజంతా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లను లాంతరు ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేదాన్ని. కునికిపాట్లు పడేవారు. ఒక రాత్రి విసుగొచ్చి పలకలు పక్కన పెట్టి, ఈ వారం కూలి డబ్బులు ఎటు పోయాయో చెప్పండి అన్నాను. సారా కొట్టుకు అని ఒకావిడ అంది. ఇంక ఎవరికీ నిద్ర రాలేదు. "సారా" అన్న మాట ఎలా రాస్తారో వాళ్లే అడిగి నేర్చుకున్నారు. మన జిల్లాలోనే దూబగుంటలో ఇలాంటి రాత్రి బడి నుంచే ఆడవాళ్లు లేచి వెళ్లి సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నీ క్లాసుతో ప్రభుత్వాలు కదలాలని అనడం లేదులే. పెద్దవాళ్లు ఖాళీ పలకలతో రారని చెబుతున్నాను.

కాబట్టి ఆ ఇరవై ఏడో స్లైడును ముందుకు తీసుకురా. అది కూడా స్లైడుగా వద్దు. "ఇలాంటి ఫోన్ ఎవరికైనా వచ్చిందా?" అని అడిగి ఊరుకో. ఊరుకోవడమే నీకు చేతకాదు. ప్రశ్న అడిగాక టీచర్లు ఎంతసేపు ఆగుతారో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ లెక్కగట్టిందని బి.ఎడ్.లో చదివాను. సుమారు ఒక సెకను! మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయట, నోరు విప్పనివాళ్లు విప్పారట. అది గదిలో సంగతి. ఇక్కడ చెయ్యి తుడుచుకోవాలి, మైకు గుర్తు వెతకాలి, నొక్కాలి. మనసులో పదిహేను దాకా లెక్కపెట్టు. ఆ నిశ్శబ్దం నీకే బరువు, వాళ్లకు కాదు.

చాట్‌లో రాయమని అడగకు. తెలుగులో టైపు చేయడం అందరికీ రాదు, తప్పులు పోతాయని సిగ్గు కూడా. కాగితం మీద పెద్దగా రాసి కెమెరాకు చూపించమను, లేదా వేళ్లు చూపించమను. కెమెరా తెరవక తప్పదని మాత్రం పట్టుపట్టకు, వెనకాల ఎవరి ఇల్లు ఎలా ఉందో మనకు తెలియదు. క్లాసు మధ్యలో విడిగా మాట్లాడుకోమని నలుగురేసి చొప్పున తెర మీది చిన్న గదుల్లోకి పంపేటట్టయితే, ఏం మాట్లాడుకోవాలో ముందే రెండుసార్లు చెప్పి పంపు. పోయినసారి పంపాక చెప్పావు. అత్త ఉన్న గదిలో ముగ్గురూ ఒకరి ఊరు ఒకరు అడుగుతూ కూర్చున్నారు. (అది వాళ్లకు బాగానే నచ్చిందనుకో.)

స్లైడులు నలభై రెండు. పదికి తగ్గించు. మీ ఆఫీసు వాళ్లు ఒప్పుకోకపోతే మిగతావి వాళ్లకే చూపించు. మోసం జరగగానే 1930కి ఫోన్ చేయాలన్నది మాత్రం తీసేయకు. అది నలభయ్యో స్లైడులో ఉంది, అప్పటికి అత్త పాలు కాచడానికి వెళ్లిపోయింది.

మైకు ఎలా తెరవాలో ఆవిడకు సాయంత్రం నేర్పాను. వచ్చే శనివారం తనే ముందు మాట్లాడుతుందట. మామయ్యకు కూడా ఈ లోపల చెబుతానంది.

కందిపొడి చేసి ఉంచాను, వచ్చినప్పుడు తీసుకువెళ్లు.

అమ్మ