హాని కనబడలేదంటే హాని లేనట్టు కాదు

సంపాదకునికి,

పురుగుమందు నీటిలో ఎంతవరకు ఉంటే ఫర్వాలేదో తేల్చడానికి ఇప్పటికీ చాలా నివేదికలు 'ప్రభావం కనబడని గాఢత' (పరీక్షించినవాటిలో గణాంకపరంగా తేడా కనబడని అత్యధిక గాఢత) అనే అంకెనే పట్టుకుంటున్నాయి. దాన్ని మానుకోవాలని ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) నివేదిక 1998లోనే సూచించింది.

డాఫ్నియా అనే చిన్న నీటిజీవి మీద చేసే 21 రోజుల పరీక్షే చూడండి. గాఢతకు 10 బీకర్లు, బీకరుకో తల్లి, పుట్టిన పిల్లల లెక్క. మందు కలపని నీటిలో సగటున 100 పిల్లలు, లీటరుకు 10 మైక్రోగ్రాముల దగ్గర 80 పుట్టాయనుకుందాం. బీకరుకూ బీకరుకూ తేడా బాగా ఉంటే ఆ 20 శాతం తగ్గుదల గణాంక పరీక్షకు చిక్కదు. 'ప్రభావం లేదు' అని రాసేస్తారు. బీకర్లు తగ్గించేకొద్దీ మందు మరింత భద్రంగా కనిపిస్తుంది! ఇది అజాగ్రత్తకు బహుమతి ఇవ్వడమే. పైగా ఆ అంకె మనం పరీక్షకు ముందే ఎంచుకున్న, ఉదాహరణకు 1, 3.2, 10, 32 మైక్రోగ్రాముల గాఢతలలో ఒకటే అవుతుంది.

దానికి బదులు అన్ని గాఢతల ఫలితాలకూ కలిపి లాగ్-లాజిస్టిక్ వక్రరేఖ (గాఢత పెరిగేకొద్దీ ప్రభావం ఎలా పెరుగుతుందో చూపే గీత) గీయాలి. పిల్లలు 10 శాతం తగ్గే గాఢతను 95 శాతం విశ్వాస అవధితో (అసలు విలువ ఉండగల హద్దులతో) చెప్పాలి. అవధి వెడల్పుగా ఉంటే పరీక్ష బలహీనమని చూడగానే తెలుస్తుంది. అయితే తక్కువ ప్రభావం చూపే గాఢతలు రెండైనా లేకపోతే ఆ 10 శాతం అంకె వట్టి ఊహే.

పురుగుమందుల అనుమతి దరఖాస్తులకు ఈ వక్రరేఖతోపాటు బీకరువారీ ముడి లెక్కలూ జతచేయడం తప్పనిసరి చేయాలి.

– జల విషశాస్త్ర పరిశోధకులు